ఇడ్లీ ప్లేటులో మిగిలిన రెండు స్క్రూలు

సార్ పోయారని నాకు చెప్పింది మాధురి. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున, నారాయణగూడలో నేను పనిచేసే కాలేజీకి బయలుదేరబోతూ టిఫిన్ డబ్బా సర్దుకుంటుంటే ఫోన్ మోగింది. "సార్ ఇంక లేరు. తెల్లవారుజామున నిద్రలోనే పోయారంట. మేడమ్ ఇప్పుడే ఫోన్ చేశారు," అంది. ఆ తర్వాత ఆమె చెప్పినవేవీ నా చెవికి ఎక్కలేదు. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు. సార్ భార్య నాకు చేయకుండా మాధురికి ఎందుకు ఫోన్ చేశారన్న ప్రశ్న. ఏడుపు తర్వాత వచ్చింది, చిక్కడపల్లి పోయే షేర్ ఆటోలో, పక్కన ఒక పెద్దాయన కూరగాయల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉండగా.

సార్ అంటే బడిలో పాఠం చెప్పిన సార్ కాదు. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగే ఒక గల్లీలో, కర్రీ పాయింటుకూ టైలర్ షాపుకూ మధ్య ఇరుక్కున్న చిన్న గదిలో కంప్యూటర్లు బాగుచేసే మనిషి. వయసులో ఉండగా రేడియోలు బాగుచేశారట. తర్వాత టీవీలు, ఆ తర్వాత ఇవి. ఎవరైనా ఆశ్చర్యపోతే, "డబ్బా మారింది గానీ లోపట కరెంటు గదే," అనేవారు. నేను ఆయన దగ్గర మూడేళ్ళు పని నేర్చుకున్నాను. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆ గదిలో నేర్చుకున్న పని పెట్టిందే.

మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేను. మా అమ్మ అశోక్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది, మేముండేదీ అక్కడే. పోటీ పరీక్షలకు చదివే ఆడపిల్లలు అక్కడ ఉంటారు. వాళ్ళ లావుపాటి పుస్తకాలు చూసి మా అమ్మ నన్ను కూడా అలాగే చదివించింది. డిగ్రీ అయ్యాక రెండుసార్లు గ్రూప్స్ రాశాను. రెండుసార్లూ పోయింది. అమ్మ తిట్టలేదు. "ఒక్క ఏడాది చూస్త బిడ్డా. చేతికి ఏదన్న పని నేర్సుకో. లేకుంటే నాతోటి వంటకు రా, ఇంకో మనిషి కావాలంటున్నరు," అంది. వంట తక్కువ పని అని నేను అనుకోను. కానీ పుస్తకాలు పట్టుకుని తిరిగిన ఆ హాస్టల్లోనే, నాతో పాటు చదివిన పిల్లలకే వడ్డించడానికి నాకు మనసు ఒప్పలేదు. టైలర్ దగ్గరికి జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్ళినప్పుడు పక్క షాపులో మనిషి కావాలన్న కాగితం చూశాను. మర్నాడే చేరాను.

అప్పటికే అక్కడ మాధురి ఉంది. నాకంటే ఎనిమిది నెలల ముందు చేరింది. ఇంజనీరింగ్ చదివింది. వాళ్ళ తాతగారు ఎప్పుడో కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చి విద్యానగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. నాన్నగారు ఆఫీసరు. ఆమెకు ఈ పని అవసరం లేదు, ఇష్టం. నా కడుపుమంట అక్కడే మొదలైంది. అవసరమున్న నేను నిలబడి దుమ్ము తుడుస్తుంటే, ఇష్టమున్న ఆమె కూర్చుని మిషన్లు విప్పేది.

కూర్చుని అన్న మాట ఊరికే అనలేదు. షాపులో పనిచేసే బల్ల ఒకటే, దాని ముందు కుర్చీ ఒకటే. ఒక మిషన్ మొత్తం సొంతంగా కట్టగలిగిన మనిషే ఆ కుర్చీలో కూర్చోవాలి. మిగతావాళ్ళు నిలబడి అందివ్వాలి. మాధురి కూర్చుని ఉంటే సార్ కూడా నిలబడేవారు, టార్చి పట్టుకుని. చేరిన రోజే నాకు చెప్పారు: "ఒక పెద్ద మిషన్ కిందికెల్లి మీది దాక నువ్వే కట్టు. ఒక్కసారి బటన్ ఒత్తంగనే లేవాలె. గా రోజు కుర్చీల కూసో." ఆ కుర్చీ దక్కితే పని వచ్చినట్టు. దక్కకపోతే ఏడాది చివర హాస్టల్ వంటింట్లో అమ్మ పక్కన నిలబడాలి. నాకు రెండో దారి లేదు.

సార్ ఆమెను ఇంజనీరమ్మా అని పిలిచేవారు. నన్ను బిడ్డా అనేవారు. ఆయన కర్రీ పాయింటు పిల్లనూ బిడ్డా అనేవారు, చీపుర్లు అమ్మే ఆమెనూ బిడ్డా అనేవారు, కాబట్టి అందులో నాకంటూ ఏమీ లేదనిపించేది. చాయ్ చెప్పేటప్పుడు "ఒకటి చక్కెర లేకుండ" అని గుర్తుపెట్టుకుని చెప్పేవారు, అది మాధురిది. నాకు చక్కెర ఎక్కువ కావాలని ఎప్పుడూ అడగలేదు. నేనూ చెప్పలేదు. చెప్పకుండానే తెలియాలని నా పంతం. ఆమె ఫోన్‌లో హోల్‌సేల్ వాళ్ళతో ఇంగ్లిష్‌లో మాట్లాడుతుంటే సార్ చేతిలో పని ఆపి వినేవారు. ఆ మాటలు నేను కాగితం మీద రాసుకుని వెళ్ళి హాస్టల్ బాత్రూమ్ అద్దం ముందు పలికేదాన్ని. ఒకరోజు గమనించాను, స్క్రూడ్రైవర్ తిప్పేటప్పుడు మాధురి చిటికెన వేలు సార్ వేలు లాగే పైకి లేస్తుంది. నేనూ అలా పట్టి చూశాను. స్క్రూడ్రైవర్ జారి నా కాలి మీద పడింది.

సార్ అలవాట్లు కొన్ని చెప్పాలి. చచ్చిపోయిన మిషన్ తెస్తే ముందు దాన్ని చూసేవారు కాదు, తెచ్చిన మనిషిని చూసేవారు. "నిన్న ఏం జేసిన్రు?" అని అడిగేవారు. ఏం చేయలేదు సార్ అని ఎంత గట్టిగా అంటే అంత నవ్వుకునేవారు. లోపల చెయ్యి పెట్టే ముందు క్యాబినెట్ రేకును ఒకసారి ముట్టుకునేవారు, ఒంట్లో కరెంటు ఉంటే దిగిపోవాలని. స్క్రూలు పెట్టుకోవడానికి మేడమ్ పాత ఇడ్లీ ప్లేటు ఒకటి తెచ్చుకున్నారు. మొదట విప్పినవి మొదటి గుంటలో, తర్వాత విప్పినవి రెండో గుంటలో. తిరిగి బిగించేటప్పుడు చివరి గుంట నుంచి వెనక్కి రావాలి. ప్లేటు ఖాళీ అయితేనే పని అయినట్టు. పాత కస్టమర్లు లోపలికి వస్తూనే "సార్, ఇడ్లీలు ఉడికినయా?" అని అడిగేవారు. "చట్నీ నువ్వే తెచ్చుకోవాలె," అనేవారు సార్, తల ఎత్తకుండా.

నేను చేరి పదకొండు నెలలు దాటాక నారాయణగూడ నుంచి ఒక మిషన్ వచ్చింది. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే ఆయనది. వీడియో అన్న అనేవాళ్ళం. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, పవర్ సప్లై, గ్రాఫిక్స్ కార్డు అన్నీ కొత్తవి కొన్నాడు. క్యాబినెట్ మాత్రం మార్చొద్దన్నాడు. "గీ డబ్బ నాకు కలిసొచ్చింది సార్. ఫస్ట్ పెండ్లి దీన్లనే ఎడిట్ చేసిన," అని దాన్ని గేదెను నిమిరినట్టు నిమిరాడు. మర్నాడు మధ్యాహ్నానికి కావాలి, పెళ్ళివాళ్ళు చూడటానికి వస్తున్నారు.

సార్ నా వైపు తిరిగి, "ఇది నీది," అన్నారు. ఒక్క ప్రాసెసర్ తప్ప. అది కూర్చునే సాకెట్టులో వెంట్రుకల్లాంటి పిన్నులుంటాయి, ఒకటి వంగినా బోర్డు పోయినట్టే. అందుకని ప్రాసెసర్ ఎప్పుడూ కుర్చీ మనిషే పెట్టాలని షాపు పద్ధతి, కుర్చీ పరీక్షలో దాన్ని లెక్కపెట్టరు. ఆ సాయంత్రం మాధురి పెట్టింది. నేను పక్కన టార్చి పట్టుకుని నిలబడ్డాను. నా మిషన్‌కు గుండె ఆమె చేతులతో పెడుతున్నట్టు అనిపించింది.

మర్నాడు పొద్దున షాపు తెరవకముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. సార్ షట్టర్ ఎత్తగానే పని మొదలుపెట్టాను. కొత్త బోర్డు పాతదానికంటే పొడుగు. బోర్డు వీపు క్యాబినెట్ రేకుకు తగలకుండా దాని కింద చిన్న చిన్న ఇత్తడి గుబ్బలుంటాయి. బోర్డును వాటి మీద ఆనించి పైనుంచి స్క్రూలు బిగిస్తారు. పొడుగు పెరిగింది కాబట్టి కింది వరసకు మూడు కొత్త గుబ్బలు పెట్టి, ప్యాకెట్లోని కొత్త స్క్రూలతో బిగించాను. వైర్లన్నీ పెట్టాను. నిలబడే చేశాను, కానీ మనసులో కుర్చీలో కూర్చుని ఉన్నాను.

పదకొండింటికి వీడియో అన్న వచ్చాడు. సార్ నా వెనక నిలబడ్డారు. మాధురి కౌంటర్ దగ్గర ఎవరిదో ల్యాప్‌టాప్ చూస్తోంది. బటన్ నొక్కాను. ఫ్యాను సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ సగం చుట్టు.

"ఏమైంది చెల్లె?" అన్నాడు వీడియో అన్న.

అమ్మ ఇచ్చిన ఏడాదికి నెల కూడా మిగల్లేదు. సార్ గొంతు పెంచలేదు. "ఏం మార్చినవ్ బిడ్డా, వరుసగ చెప్పు," అన్నారు. చెప్పాను. బోర్డు, ర్యామ్, పవర్ సప్లై, కార్డు. అంతటితో ఆపాల్సింది.

"ప్రాసెసర్ మాత్రం మాధురి పెట్టింది సార్," అన్నాను.

అది నిజం. నిజం కాబట్టే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది. వీడియో అన్న వెంటనే మాధురి వైపు తిరిగాడు. "పిన్నులు గిట్ల వంగినయా ఏంది మేడమ్? కొత్త బోర్డు గదా." ఆమె ముఖం ఎర్రబడింది. సార్ వైపు చూసింది. ఇది సార్‌ను తలుచుకుంటూ రాస్తున్న కాగితం కాబట్టి దాచను: ఆమె ముఖం అలా మారడం చూస్తే నాకు బాగుంది. పదకొండు నెలల్లో అంత బాగా ఎప్పుడూ అనిపించలేదు.

సార్ ఎవరినీ ఏమీ అనలేదు. "అంత బయటికి తియ్. అట్ట డబ్బ మీద పెట్టు," అన్నారు నాతో. అది ఆయన పద్ధతి. ఐదు వస్తువులు ఒకేసారి మార్చిన మిషన్ లేవకపోతే, అన్నిటినీ విడదీసి, బోర్డును దాని సొంత అట్టపెట్టె మీద పరిచి, బతకడానికి ఎంత అవసరమో అంతే పెట్టి చూడాలి. ప్రాసెసర్, ఒక ర్యామ్, కరెంటు. అంతే. తర్వాత ఒక్కొక్కటి కలపాలి. నేను విప్పాను. సార్ వంగి, బోర్డు మీద బటన్ వైరు తగిలించే రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో కలిపారు. ఫ్యాను తిరిగింది. తిరుగుతూనే ఉంది. స్క్రీన్ వెలిగింది. కార్డు పెట్టినా వెలిగింది, రెండో ర్యామ్ పెట్టినా వెలిగింది.

మాధురి మళ్ళీ ల్యాప్‌టాప్‌లోకి తల వంచుకుంది. ప్రాసెసర్ బాగానే ఉందని ఎవరూ పైకి అనలేదు. అనాల్సింది నేను.

తిరిగి క్యాబినెట్లో బిగిస్తే మళ్ళీ సగం చుట్టే. అప్పుడు సార్ ఇడ్లీ ప్లేటు చేతిలోకి తీసుకుని వెలుగుకు వంచారు. మిగతా గుంటలన్నీ ఖాళీ. ఒక గుంటలో రెండు స్క్రూలు.

"గీ రెండు యాడివి?"

నాకు అప్పుడు అర్థమైంది. అవి పాత బోర్డు అడుగు వరసలోవి. ఆ రెండు స్క్రూలు కూర్చునే ఇత్తడి గుబ్బలు ఇంకా క్యాబినెట్లోనే నిలబడి ఉన్నాయి. కొత్త గుబ్బలు పెట్టడం గుర్తుంది, పాతవి తీయడం మర్చిపోయాను. పొడుగు బోర్డు వీపు వాటి మీద ఆనుతోంది, బటన్ నొక్కగానే షార్ట్ అవుతోంది. పవర్ సప్లై మంచిది కాబట్టి వెంటనే ఆగిపోయి బోర్డును కాపాడింది.

సార్ వీడియో అన్నతో, "పాత డబ్బల రెండు గుబ్బలు ఉండిపోయినయ్. మాదే తప్పు. జర కూసో, చాయ్ తాగు," అన్నారు. మాదే అన్నారు, నాదని చెప్పలేదు. కటింగ్ ప్లయర్ నా చేతికే ఇచ్చారు. గుబ్బలు రెండూ తీశాను. మిషన్ లేచింది. వీడియో అన్న కలిసొచ్చిన డబ్బాను ఆటోలో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం మాధురి భోజనానికి వెళ్ళాక సార్ నన్ను పిలిచారు. కోపం ఉంటే బాగుండేది, నేనూ ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆయన మామూలుగా మాట్లాడారు.

"నువ్వు అబద్ధం చెప్పలే బిడ్డా. ప్రాసెసర్ ఆమెనే పెట్టింది. కానీ నేనడిగింది నువ్వేం మార్చినవని."

నేను ఇడ్లీ ప్లేటు తీసి తుడవడం మొదలుపెట్టాను.

"అందరు కొత్తగ పెట్టిన దాన్నే అనుమానిస్తరు. మార్చకుండ వదిలిపెట్టింది ఉంటది సూడు, గది ఎవ్వరు సూడరు," అన్నారు. తర్వాత "ఆమెకు నువ్వే చెప్పు," అన్నారు.

చెప్తా సార్ అన్నాను. చెప్పలేదు. ఆ రోజు చెప్పలేదు, ఆ వారం చెప్పలేదు. మాధురి నాతో ఎప్పటిలాగే మాట్లాడుతూ ఉంది. అది నాకు ఇంకా మంట. ఒక్క మాట అని ఉంటే మేమిద్దరం సమానమైపోయేవాళ్ళం.

ఆ మిషన్‌తో నాకు కుర్చీ రాలేదు. ఒక్క బటన్‌కు లేవలేదు కదా. నెల తిరిగేసరికి వంటకు వెళ్ళాల్సిందేనని నేను అనుకుంటుంటే, సార్ ఒక సాయంత్రం అశోక్‌నగర్ హాస్టల్‌కు వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి మా అమ్మతో మాట్లాడారట. ఇంకో ఏడాది ఇవ్వమన్నారట. "పిల్ల చెయ్యి మంచిదమ్మా. కండ్లే, పక్కకు పోతుంటయ్," అన్నారట. అమ్మ అది విని కంగారుపడి, మర్నాడే నన్ను రాంనగర్‌లో కళ్ళ డాక్టర్ దగ్గరికి లాక్కెళ్ళింది. కళ్ళకు ఏమీ లేదన్నారు. అమ్మకు ఆ మాట ఇప్పటికీ వివరించలేదు.

రెండో ఏడాదిలో కుర్చీ వచ్చింది. ఒక టైపింగ్ సెంటర్ మిషన్ మొదటి బటన్‌కే లేచింది. సార్ కాలితో కుర్చీని నా వైపు తోశారు. కూర్చున్నాను. కూర్చున్న వెంటనే చేసిన పని, మాధురి చూస్తోందా లేదా అని వెనక్కి తిరగడం. ఆమె చూస్తోంది. నవ్వుతోంది. ఆ రోజైనా చెప్పి ఉండాల్సింది.

కిందటేడు నాకు కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే ఉద్యోగం వచ్చింది. మాధురి షాపులోనే ఉండిపోయింది. నేను పండగలకూ సెలవులకూ సార్‌ను చూడటానికి వెళ్ళేదాన్ని. ఆయన నా ల్యాబ్‌లో ఏ మిషన్ ఏం చేసిందో అడిగి అడిగి చెప్పించుకునేవారు. ఆ సంగతి మాత్రం ఒక్కసారీ అడగలేదు. మర్చిపోయి ఉంటారనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

సార్ పోయిన పదో రోజు వాళ్ళ ఇంటి డాబా మీద భోజనాలు పెట్టారు. ఎక్కడ చూసినా మాధురే. మంచినీళ్ళు ఆమె, విస్తర్లు ఆమె. మేడమ్ ఏది కావాలన్నా "మాధురీ" అని పిలుస్తున్నారు. వచ్చినవాళ్ళు కూడా ఆమె దగ్గరికి వెళ్ళి, పెద్ద దిక్కు పోయింది కదమ్మా అంటున్నారు. నా పక్కన కూర్చున్న ఒకాయన, "మీరు సార్‌కు ఏమైతరు?" అని అడిగాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్నానని చెప్పాను. "ఓహో, ఇంజనీరమ్మ ఫ్రెండా?" అన్నాడు. సార్ నాకు అప్పగించిన ఒకే ఒక్క పని మిగిలి ఉంది. అది చేయకుండా నేను ఆయన దగ్గర నేర్చుకున్నానని ఎవరికి చెప్పినా అది పూర్తి నిజం కాదు.

చేతులు కడుక్కోవడానికి లేచాను. డ్రమ్ము దగ్గర మాధురి అందరికీ చెంబుతో నీళ్ళు పోస్తోంది. నా చేతుల మీద పోస్తుంటే చెప్పాను.

"వీడియో అన్న మిషన్ లేవని రోజు, ప్రాసెసర్ నువ్వు పెట్టినవని కావాలనే చెప్పిన. నీ మీదికి పోవాలని చెప్పిన. తప్పు నాది."

ఆమె నీళ్ళు పోయడం ఆపలేదు. "తెలుసు," అంది.

"ఎప్పటిసంది?"

"ఆ సాయంత్రం నేనే సార్‌ని అడిగాను, నువ్వెందుకు అలా అన్నావని. 'ఆ పిల్లనే వచ్చి చెప్తది, నువ్వు అడగకు' అన్నారు. అందుకే అడగలేదు." చెంబు డ్రమ్ములో ముంచి మళ్ళీ నింపింది. "పోయిన దసరాకి నువ్వొచ్చి వెళ్ళాక కూడా అడిగారు నన్ను, చెప్పిందా అని. లేదన్నాను. చెప్తది అన్నారు."

నన్ను నమ్మి ఇన్నేళ్ళు ఎదురుచూశారు. ఆ నమ్మకాన్ని కూడా నాతో కాదు, ఆమెతో చెప్పుకున్నారు. దుఃఖం, కుళ్ళు రెండూ ఒకేసారి వచ్చాయి. ఏది ఎంతో విడదీయడం నాకు చేతకాలేదు. ఇప్పటికీ కావడం లేదు. ఆయన ఉంటే ఒక అట్టపెట్టె మీద పరిచి, ఒక్కొక్కటే కలిపి చూడమనేవారేమో.

"చేతులు తుడుచుకో. కాలేజీకి టైమవుతోంది, దింపుతా రా," అంది మాధురి.

ఆమె స్కూటర్ ఎక్కాను. చిక్కడపల్లి దాటి నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కేసరికి గాలి పెరిగింది. ఆమె చున్నీ ఎగిరి నా ముఖానికి తగిలి, జారి వెనక చక్రం వైపు వేలాడింది. ఆమె చూసుకోలేదు. ఆమెకు సార్ నాకంటే ఎన్ని నెలలు ఎక్కువ తెలుసో లోలోపల లెక్కపెట్టుకుంటూనే, ఆ చున్నీ కొస అందుకుని, చక్రంలో పడకుండా, ఫ్లైఓవర్ దిగేదాకా గుప్పిట్లో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.